‘మంచి పౌరులను తయారుచేయడం’: పౌరశాస్త్ర తరగతి నుంచి ఏమి ఆశించవచ్చు?
(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల నేపథ్యంలో ఒక నైతిక పరిశీలన)

ప్రవేశిక

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలకు పౌరశాస్త్రం ఎందుకు బోధించాలని అడిగితే, మంచి పౌరులను తయారుచేయడానికి అన్న సమాధానం వెంటనే వస్తుంది. సాంఘిక శాస్త్రంలో భాగంగా వారానికి కొన్ని పీరియడ్లు మాత్రమే దక్కే ఈ విషయం మీద సమాజం మోపే ఆశల బరువు చాలా ఎక్కువ. ఓటు అమ్ముడుపోయినా, చెత్త వీధిలో పడినా, కులం పేరుతో హత్య జరిగినా, ‘బడిలో నేర్పవలసింది నేర్పలేదు’ అనడం పరిపాటి. ఈ ఆశ న్యాయమైనదేనా అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన ప్రశ్న. ‘మంచి పౌరులను తయారుచేయడం’ అన్న మాటలోని నామవాచకాన్ని, విశేషణాన్ని, క్రియను విడివిడిగా చూస్తే ఆ ప్రశ్నకు దారి దొరుకుతుంది. చర్చకు నేపథ్యం పాత నల్లగొండ జిల్లాలోని మూడు పట్టణాలు. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనతో సూర్యాపేట, కోదాడ కొత్తగా ఏర్పడిన సూర్యాపేట జిల్లాలోకి చేరాయి. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉండిపోయింది.

‘పౌరుడు’

‘పౌరుడు’ అంటే వ్యుత్పత్తి ప్రకారం పురవాసి. ‘ప్రజ’ అన్న మాటకు సంతానమనీ, రాజ్యంలోని జనమనీ రెండర్థాలూ ఉన్నాయి. రాజును తండ్రిగా, జనాన్ని బిడ్డలుగా చూసే భావన ఆ పదంలోనే ఇమిడి ఉంది. మనం నిత్యం వాడే ‘రైతు’ శబ్దం అరబ్బీ మూలమైన ‘రయ్యత్’ నుంచి వచ్చింది. మేపబడే మంద, పాలింపబడే జనం అన్నవి ఆ మూలపదానికి అర్థాలు. పాలనలో సమాన భాగస్వామి అన్న నేటి అర్థం ఈ మూడు పదాల్లో దేనికీ పుట్టుకతో లేదు. అది చరిత్ర క్రమంలో చేరిన అర్థం.

ఆ అర్థం చేరిన తీరును ఈ ప్రాంతంలో స్పష్టంగా గుర్తించవచ్చు. దొర ముందు ‘బాంచెన్, కాల్మొక్త’ అనడం నిజాం పాలనలో వినయానికి సంబంధించిన మర్యాద మాత్రమే కాదు, అది వెట్టిచాకిరీ వ్యవస్థకు భాషారూపం. సభ జరుపుకోవడానికి సైతం ప్రభుత్వ అనుమతి కావాలని గస్తీ నిషాన్ 53 శాసించిన రోజులవి. 1930లో జోగిపేటలో తొలి మహాసభ జరుపుకున్న నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభ 1941లో కోదాడ సమీపంలోని చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన సమావేశమైంది. 1946 నుంచి 1951 వరకు సాగిన సాయుధ పోరాటానికి సూర్యాపేట ప్రాంతం ప్రధాన కేంద్రాలలో ఒకటి. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 23వ అధికరణం ద్వారా వెట్టిని నిషేధించింది. 1952 తొలి సాధారణ ఎన్నికల్లో నల్లగొండ ఓటర్లు రావి నారాయణరెడ్డిని లోక్‌సభకు పంపారు.

‘బాంచెన్’ నుంచి ‘పౌరుడు’ వరకు సాగిన ఈ ప్రయాణం ఏ బడిలోని పౌరశాస్త్ర తరగతి వల్లా సాధ్యపడలేదు. కాబట్టి పౌరులు తరగతి గదిలో పుడతారన్న నమ్మకాన్ని ఈ ప్రాంత చరిత్ర సమర్థించదు. అయితే ఆ ప్రయాణం చదువు లేకుండా జరిగిందనడమూ సరికాదు. గ్రంథాలయాలు, 1926లో మొదలైన గోలకొండ పత్రిక, మహాసభల్లోని చర్చలు, తీర్మానాలు అప్పటి వయోజనులకు పౌరశాస్త్ర పాఠాలే. తమకు జరుగుతున్నది ఖర్మ కాదు, అన్యాయం అని చెప్పగల మాటను అవి అందించాయి.

‘మంచి’

‘మంచి’ అన్న విశేషణంలో రెండు వేర్వేరు ఆశలు కలగలిసిపోయాయి. చెప్పిన మాట వినేవాడు మంచివాడన్నది ఒకటి. న్యాయాన్యాయాలు విచారించేవాడు మంచివాడన్నది రెండోది. వలస పాలనలో పౌరశాస్త్రం మొదటి ఆశతోనే బడిలో ప్రవేశించింది. భారతీయుల్లో పెరుగుతున్న ‘అవిధేయత’ నేపథ్యంలో ఆ విషయం పాఠ్యప్రణాళికలోకి వచ్చిందని జాతీయ విద్యా ప్రణాళిక చట్రం–2005 గుర్తించింది, ఆ పేరునే మార్చాలని సూచించింది. పేరు మారినంతలో ఆశ మారదు. తరగతిలో నిశ్శబ్దంగా కూర్చున్న పిల్లవాడే నేటికీ చాలాచోట్ల మంచి విద్యార్థి.

తెలుగు అధ్యయనకారులు ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. పిల్లలు స్వయంగా రాసే తొలి పౌరపత్రం సెలవుచీటీ. అందులో ‘దయతో’ ఉంటుంది, ‘ప్రార్థిస్తున్నాను’ ఉంటుంది. సెలవు కోరే పిల్లవాడు కారణం చెప్పాలి, సెలవు నిరాకరించే పెద్దలు చెప్పనక్కరలేదు. సమాచార హక్కు చట్టం–2005 దీనికి పూర్తిగా భిన్నమైన పత్రాన్ని ప్రవేశపెట్టింది. సమాచారం కోరే వ్యక్తి తనకది ఎందుకు కావాలో చెప్పనవసరం లేదు. సాధారణంగా 30 రోజుల్లో బదులివ్వవలసిన బాధ్యత, నిరాకరిస్తే కారణం చూపవలసిన బాధ్యత అధికారిదే. రాయలేని వారి కోరికను లిఖితరూపంలో పెట్టడానికి సాయపడటం కూడా అధికారి విధి. మొదటి పత్రం దయను యాచిస్తుంది, రెండోది హక్కును వినియోగిస్తుంది. రెండూ మర్యాదగానే రాయవచ్చు. ఈ రెంటి మధ్య భేదాన్ని గుర్తించడం తెలుగు తరగతికీ పౌరశాస్త్ర తరగతికీ ఉమ్మడి పాఠం కాగలదు.

ఇంత చెప్పినా విధేయత విలువ లేనిదని కాదు. వరుసలో నిలబడటం, తన వంతు కోసం ఆగడం న్యాయానికి సంబంధించిన క్రమశిక్షణలే. వరుస అందరికీ ఒకటేనా అని అడిగే స్వేచ్ఛ ఉన్నప్పుడే అవి న్యాయమవుతాయి.

‘తయారుచేయడం’

చిక్కంతా ఈ క్రియలోనే ఉంది. రాజనీతిని వినడానికి యువకులు తగిన శ్రోతలు కారని, వారికి జీవితానుభవం చాలదని అరిస్టాటిల్ నికొమాకియన్ నీతిశాస్త్రంలో వాదించాడు. పన్నెండేళ్ల పిల్లలకైతే ఆ ఆక్షేపణ మరింత వర్తించాలి. అయితే మన పిల్లలకు అనుభవం లేదన్న మాట సత్యదూరం. నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీరు వదిలారు. నాటి నుంచి ఎడమకాలువ ఆయకట్టులోని మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల ఇళ్లలో కాలువ మొదటి భూములు, చివరి భూములు అన్న మాటలు పిల్లలకు పాఠ్యపుస్తకం కంటే ముందే పరిచయం. పైనున్నవారు తమ వంతుకు మించి వాడుకుంటే చివరి మడి ఎండుతుంది. పంపిణీ న్యాయం అన్న భావనకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కరలేదు. వారికి కొరవడింది అనుభవం కాదు, ఆ అనుభవాన్ని విచారణకు పెట్టే భాష, వేదిక.

అయితే అనుభవాలన్నీ కాలువనీటి వంటివి కావు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, కులాంతర వివాహం చేసుకున్న ఒక దళిత యువకుడు పట్టపగలు హత్యకు గురయ్యాడు. 2025 మార్చిలో నల్లగొండ ప్రత్యేక న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. హత్య జరిగిన మర్నాడు కూడా బడుల్లో సమానత్వ పాఠం పాఠంగానే ఉంది, 17వ అధికరణం అస్పృశ్యతను నిషేధించిందన్న వాక్యం పుస్తకంలోనే ఉంది. ఆ వాక్యాన్ని పరీక్షలో తప్పులేకుండా రాసే పిల్లలు, ఇంటి దగ్గర ఆ ఘటన గురించి పెద్దలు రెండు విధాలుగా మాట్లాడుకోవడం వినే ఉంటారు.

ఇలాంటిచోట తరగతి నుంచి ఏమి ఆశించాలి? కులాన్ని నిర్మూలించే మనుషులను తయారుచేయాలని కోరడం ఉదాత్తంగా వినిపిస్తుంది. కాని ఆ కోరిక అమలులో ఎవరి భుజాల మీద పడుతుందో ఆలోచించాలి. ఇంట్లో ప్రశ్నించవలసింది పన్నెండేళ్ల బాలిక, దాని ఫలితం అనుభవించవలసిందీ ఆమే. తిండి, నీడ, చదువు అన్నింటికీ ఎవరి మీద ఆధారపడిందో వారినే ఆమె ఎదిరించాలి. వయోజనులు, పార్టీలు, న్యాయస్థానాలు పూర్తిచేయలేని పనిని ఒక మైనరుకు అప్పగించి, దానికి విద్య అని పేరు పెట్టడం నైతికంగా సమర్థనీయం కాదు. ‘తయారుచేయడం’ అన్న క్రియ పిల్లలను మరొకరి లక్ష్యానికి సాధనంగా మారుస్తుంది. ఆ లక్ష్యం ఎంత గొప్పదైనా ఈ దోషం పోదు.

దీనికి బలమైన ప్రతివాదం ఉంది. పిల్లల రక్షణ పేరుతో బడి మౌనం వహిస్తే, ఆ మౌనం ఉన్న వ్యవస్థకే కొమ్ముకాస్తుంది. అవమానాన్ని ఇదివరకే అనుభవిస్తున్న దళిత బాలుడికి ఈ మౌనం రక్షణ కాదు, మరో గాయం. ఈ వాదన సరైనదే. కాబట్టి ప్రశ్న మాట్లాడాలా వద్దా అన్నది కాదు, మాట్లాడినందుకు వెల ఎవరు చెల్లించాలి అన్నది. రాజ్యాంగ నైతికత సహజంగా అబ్బేది కాదని, దాన్ని పెంపొందించుకోవాలని అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో చెప్పాడు. పెంపొందించే బాధ్యత పెద్దలదైనప్పుడు, వెలలో పెద్ద వాటా కూడా వారిదే కావాలి.

ఆశించదగినవి

పై చర్చను బట్టి, పౌరశాస్త్ర తరగతి నుంచి మూడింటిని న్యాయంగా ఆశించవచ్చు. మొదటిది, దయకూ హక్కుకూ, ఖర్మకూ అన్యాయానికీ భేదం గుర్తించగల భాష. రెండోది, కారణం అడగడం, కారణం చెప్పడం అన్న అభ్యాసం. ఇది గదిలోపలే జరగాలి. ఎవరు ముందు వరుసలో కూర్చుంటున్నారు, ఎవరు గది ఊడుస్తున్నారు, దండన ఎందుకు విధించారు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పని ఉపాధ్యాయుడు ప్రాథమిక హక్కుల పాఠం చెబితే, పిల్లలు అసలు పాఠాన్ని పుస్తకం నుంచి కాక ఆయన ప్రవర్తన నుంచే గ్రహిస్తారు. మూడోది, తోడు ఎక్కడుందో తెలియడం. అమ్మాయికి 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయడం చట్టవిరుద్ధమని ఎనిమిదో తరగతి బాలికకు చెప్పినప్పుడు, 1098కి ఫోన్ చేయవచ్చని కూడా చెప్పాలి. ఫోన్ చేసిన మర్నాడు బడి ఆమె పక్షాన నిలబడాలి. అలా నిలబడే ఉద్దేశం లేనివారు ఆ పాఠాన్ని సగమే చెప్పినట్టు.

ఉపసంహారం

ఈ మూడూ మరీ స్వల్పమైన ఆశలని విమర్శ రావచ్చు. మొదటి రెండింటి భారం పిల్లల మీద కంటే ఉపాధ్యాయుని మీదే ఎక్కువ పడుతుంది, మూడోదాని భారం పూర్తిగా పెద్దలది. ఆ లెక్కన ఇవి స్వల్పమేమీ కావు. చిలుకూరు సభకు వచ్చినవారు వయోజనులు, తమ ఎంపికకు తామే బాధ్యులు. నేడు కోదాడలోనో సూర్యాపేటలోనో ఏడో తరగతి బల్ల మీద కూర్చున్న పిల్లలు అలాంటి ఎంపిక చేసుకొని అక్కడికి రాలేదు. కనుక ‘ఈ తరగతి వీరిని ఎలాంటి పౌరులుగా చేస్తుంది?’ అని అడగడానికి ముందు, ‘ఈ తరగతి వీరిని ఇప్పటికే పౌరులుగా చూస్తున్నదా?’ అని అడగడం మన కర్తవ్యం.