ఎవరి చేయి పట్టుకొనవలెను?

అన్యాయస్థుని చేతిలో సమస్తమును పోగొట్టుకొనినవాడు సహాయము కొరకు ఎవరి గడపనైనను ఎక్కవచ్చునా? చేయి చాపినవాని నడత మంచిది కానప్పుడు ఆ చేయి పట్టుకొనుట పాపమగునా? మా గోదావరిఖని ప్రాంతపు సంఘములలో ఈ ప్రశ్న తరచుగా వచ్చును గాని ఈ రూపమున రాదు. "అయ్యగారూ, ఒక వడ్డీవ్యాపారి పోరు పడలేక ఇంకొక వడ్డీవ్యాపారి దగ్గర తెచ్చి కట్టితిని, తప్పా?" అని వచ్చును. "అల్లుడు బిడ్డను కొట్టుచున్నాడు, నలుగురు భయపడు ఫలాని మనిషిని తోడు తీసికొని పోవచ్చునా?" అని వచ్చును. కొందరు పెద్దలు వెంటనే, చెడ్డవాని సాయము వద్దే వద్దందురు. ఇట్లనువారు చాలమట్టుకు ఎన్నడును రాత్రివేళ ఇల్లు విడిచి పారిపోవలసిన అక్కర రానివారు. మరికొందరు, మునుగువాడు గడ్డిపోచనైనను పట్టుకొనును, అక్కడ విచారణ యేమి యందురు. ఈ రెండు మాటలును నాకు తృప్తి నియ్యలేదు. కావున చరిత్రలోని యొక రాణి సంగతి తీసికొని నెమ్మదిగా చూతము.

ఆమె పేరు వేలు నాచ్చియారు. తమిళదేశమున రామనాథపురపు సేతుపతుల యింట 1730లో పుట్టెను. తండ్రి ఆమెకు గుఱ్ఱపుస్వారియు, కత్తిసామును నేర్పించెను. ఉర్దూ మొదలగు పరభాషలును ఆమె నేర్చుకొనెను. శివగంగ పాలకుడైన ముత్తు వడుగనాథ తేవరు ఆమె భర్త. ఆర్కాటు నవాబు మహమ్మదలీ శివగంగ తనకు కప్పము కట్టవలెనని అడిగెను, వారు లోబడలేదు. 1772 జూన్ నెలలో నవాబు సేనయు కుంపిణీ సేనయు కలిసి కాళైయార్‌కోవిల మీద పడెను. కుంపిణీ దండును నడిపినవారు స్మిత్, బాంజూర్ అను దొరలు. ముత్తు వడుగనాథుడు ఆ యుద్ధములో మడిసెను. రాణి తన చిన్న కుమార్తె వెళ్లచ్చిని వెంటబెట్టుకొని, వృద్ధ మంత్రి తాండవరాయ పిళ్లయు, మరుదు సోదరులిద్దరును తోడురాగా, దిండిగల్లు వైపునకు పారిపోయెను.

ఆమెకు నీడ యిచ్చినవాడు విరూపాక్షి పాళెగాడు గోపాల నాయకుడు. ఇక్కడ మన తెలుగువారు కొంచెము ఆగి చూడవలెను. విజయనగరపు రోజులలో దక్షిణమునకు వలసపోయి, పళని కొండల ప్రక్కను పాళెములు నిలుపుకొనిన కంబళ నాయకులలో ఆయన యొకడు. ఆ కులమువారిలో నేటికిని ఇంటిలో తెలుగు మాటలాడువారున్నారు. (మన బాయిల చుట్టు కాలనీలలో కూడ ఏ జిల్లా నుండి వచ్చినవాడు ఆ జిల్లా యాసను ఇంటిలో దాచుకొనును గదా!) ఓడిపోయిన రాణికి చోటిచ్చుట లాభము గల పని కాదు. ఆమె వెంట ధనాగారము లేదు. ఆమె వెనుక నవాబు కోపమును, కుంపిణీ ఫిరంగులును కలవు. అయినను ఆయన తలుపు తీసెను.

అయితే తలుపు తీసినంత మాత్రమున రాజ్యము తిరిగి రాదు. సేన కావలెను. 1772 డిసెంబరులో తాండవరాయ పిళ్ల మైసూరు ఏలుచున్న హైదరలీకి లేఖ వ్రాసి, అయిదువేల గుఱ్ఱపురౌతులను, అయిదువేల కాల్బలమును పంపుమని అడిగెను. ఆ సేన కదలుట చూడకయే ఆ ముసలి మంత్రి కన్ను మూసెను. రాణి మాత్రము విడువలేదు. హైదరును కలిసికొని ఉర్దూలోనే తన సంగతి చెప్పుకొనెనని చెప్పుదురు. ఎనిమిది సంవత్సరములు గడచెను. ఎనిమిదేండ్లు అని చదువుట సులభము. ఒకరి యింట, ఒకరి అన్నము మీద, పెరుగుచున్న ఆడుబిడ్డతో ఎనిమిదేండ్లు బ్రదుకుట వేరు. 1780లో హైదరు సేన సాయముతో, మరుదు సోదరుల బలముతో ఆమె తిరిగివచ్చి శివగంగను పట్టుకొనెను.

ఇంతటితో ఆపితే ఇది పిల్లలకు చెప్పు మంచి కథ. చీకటివంటి దొర యొకడు, వెళ్లగొట్టబడిన రాణి యొకతె, ఆమెను ఆదుకొనిన వీరులు కొందరు. కాని ఆ హైదరు ఎవడు? అతడు పుట్టుకతో రాజు కాడు. మైసూరు ఒడయర్ల కొలువులో సేనాధిపతిగా పైకి వచ్చి 1761లో అధికారమంతయు చేజిక్కించుకొని, రాజును పేరునకు మాత్రము సింహాసనము మీద ఉంచినవాడు. శ్రీరంగపట్టణములో మరియొక రాణి యుండెను, లక్ష్మమ్మణ్ణి. 1766లో ఆమె భర్త కృష్ణరాజ ఒడయరు చనిపోయెను. తరువాత గద్దెమీద కూర్చుండబెట్టబడిన నంజరాజును 1770లో హైదరే చంపించెను. ఈ రాణియు సహాయము వెదకెను. రహస్యముగా మనుష్యులను పంపి, ఏండ్ల తరబడి బేరమాడి, 1782 అక్టోబరులో తన ప్రధానుల ద్వారా ఒడంబడిక చేసికొనెను. ఎవరితో? కుంపిణీతో!

చూచితిరా? శివగంగ రాణికి కుంపిణీ చీకటి, హైదరు వెలుగు. మైసూరు రాణికి హైదరు చీకటి, కుంపిణీ వెలుగు. ఇద్దరును అబద్ధమాడలేదు. ఇద్దరి కన్నీరును నిజమైనదే. ఒకే కాలములో, కొన్ని దినముల ప్రయాణ దూరములో, ఇద్దరు విధవరాండ్రు ఒకరి శత్రువును మరియొకరు రక్షకుడని పిలిచిరి. చెడ్డవాడు ఎవడో నాకు తెలియునని గట్టిగా చెప్పు ప్రతివాడును ఈ సంగతి ఒకసారి తలంచుకొనుట మంచిది. ఆర్కాటు నవాబును కూడ చూడుడి. శివగంగను పీడించిన ఆ నవాబే పీకలదాక అప్పులో మునిగినవాడు. మద్రాసులోని కుంపిణీ ఉద్యోగస్థులు తమ సొంత డబ్బును అతనికి నూటికి ఇరువది మించిన వడ్డీకి అప్పిచ్చిరి. ఆ అప్పుల దుర్నీతిని గూర్చి 1785లో ఎడ్మండ్ బర్కు విలాయతు పార్లమెంటులో గొప్ప ప్రసంగము చేసెను. అప్పువాండ్లు నవాబును పిండగా నవాబు పాళెగాండ్రను పిండెను, పాళెగాండ్రు రైతులను పిండిరి. ఇది చెప్పుట అతని దోషమును మాపుటకు కాదు. పీడించువాని మెడకును త్రాడుండవచ్చునని మాత్రమే.

అయినను శివగంగ రాణి హైదరు చేయి పట్టుకొనుట తప్పని నేననను. దావీదు మాట తలంచుకొనుడి. సౌలు తరుమగా అతడు అదుల్లాము గుహలో దాగెను. అక్కడ అతని యొద్దకు కూడినవారు ఎవరు? ఇబ్బందిలోనున్నవారు, అప్పులపాలైనవారు, మనస్సు చెదరినవారు, దాదాపు 400 మంది. ఊరి పెద్దమనుష్యు లొక్కరును లేరు. చివరకతడు గాతు రాజైన ఆకీషు పంచను చేరెను, అనగా ఫిలిష్తీయుల పంచను. దానికై లేఖనము అతనిని ఎక్కడను గట్టిగా గద్దింపలేదు. కాని జరిగినది దాచనులేదు. ఆకీషుతో దావీదు అబద్ధములాడవలసి వచ్చెను; కడకు ఆకీషు వెంట సొంత ఇశ్రాయేలీయుల మీదికే యుద్ధమునకు బయలుదేరవలసి వచ్చెను. ఫిలిష్తీయ సర్దారులే అతనిని నమ్మక వెనుకకు పంపిరి గనుక సరిపోయినది. వారు నమ్మియుండిన యెడల? ఇక్కడనున్నది చిక్కు. చేయి నీవు ఎంచుకొందువు, ఆ చేయి చేయు యుద్ధమును నీవు ఎంచుకొనవు.

యూదా రాజు ఆసా సంగతి వేరు. ఇశ్రాయేలు రాజైన బయెషా రామాను కట్టించుచున్నాడని భయపడి, ఆసా యెహోవా మందిరపు వెండిబంగారములు తీసి సిరియా రాజు బెన్హదదునకు పంపెను. పని అయినది, బయెషా వెనుకకు పోయెను. అయినను హనానీ అను దీర్ఘదర్శి వచ్చి ఆసాను గద్దించెను. దావీదునకు లేని గద్దింపు ఇతని కెందుకు? ఇతడు గుహలో లేడు, సింహాసనము మీద ఉన్నాడు. అంతకుముందు గొప్ప ఆపదలో దేవుడు తప్పించినవాడు కూడ. మరియు తనది కాని సొమ్ముతో సాయము కొనెను. నా మట్టుకు నాకు ఈ కడపటి సంగతియే ముఖ్యముగా తోచుచున్నది. సాయము చేయువాడు ఎట్టివాడు అను దానికంటె, ఆ సాయమునకు వెల యిచ్చునది ఎవరు అని అడుగుట మేలు.

1780లో హైదరు దాదాపు ఎనుబదివేల సేనతో కనుమలు దిగి కర్ణాటకము మీద పడినప్పుడు వెల యిచ్చినది రాణి కాదు, కుంపిణీ దొరలును కాదు. ఊళ్లు తగులబడెను, చెరువుల కట్టలు తెగెను, పశువులు తోలుకొని పోబడెను, తరువాత కరువు వచ్చెను. ఆ యుద్ధము రాణి తెచ్చినది కాదు. హైదరునకు అతని పగ అతని కుండెను: 1769లో మద్రాసులో ఒకరి కొకరము సాయపడుదుమని కుంపిణీ ఒడంబడిక చేసికొని, మరాటీలు అతని మీదికి వచ్చినప్పుడు మాట తప్పెను. రాణి లేకున్నను అతడు దిగియుండును. అయినను ఆమె విజయము ఆ పొగలోనుండియే వచ్చినది.

ఆ కరువులో తంజావూరులో ఒక పాదిరి యుండెను, క్రిస్టియన్ ఫ్రెడరిక్ ష్వార్జు. 1750లో తరంగంబాడికి వచ్చిన జర్మను దేశస్థుడు. 1779లో మద్రాసు గవర్నరు ఆయనను సమాధాన వర్తమానముతో హైదరు దగ్గరకు శ్రీరంగపట్టణము పంపెను. అనగా దిండిగల్లు వైపున రాణి హైదరు సేన కొరకు ఎదురుచూచుచున్న దినములలోనే ఈ పాదిరి హైదరు ఎదుట కూర్చుండెను! సమాధానము కుదరలేదు. హైదరు తోవఖర్చులకిచ్చిన సొమ్మును ఆయన తనకు ఉంచుకొనక తంజావూరు పిల్లల పాఠశాలకు చేర్పించెను. తరువాత యుద్ధములో, ఆ పెద్ద పాదిరిని ఎవరును ముట్టవద్దని హైదరు తన సేనకు ఆజ్ఞ యిచ్చెను. తంజావూరు కోటలో జనము తిండిలేక చచ్చుచున్నప్పుడు ధాన్యము తెండని రాజు అడిగెను; మునుపు మోసపోయిన రైతులు నమ్మలేదు. వెల నేనిప్పించెదనని ష్వార్జు మాట యిచ్చిన మీదట బండ్లు కదలెను. ఆయనకు సేన లేదు, ఖజానా లేదు. మన సంఘములు ఈయన కట్టిన గుడులను గూర్చి చెప్పుకొనినంతగా ఈ బండ్లను గూర్చి చెప్పుకొనవు.

ఇక మన అప్పు సంగతి. మొదటి వడ్డీవ్యాపారి ఇంటిమీదికి వచ్చి నోటికి వచ్చినట్లు తిట్టుచుండగా రెండవవాని గడప ఎక్కినవానిని నేను నిందింపను. బాయిలో కప్పు చిటపటలాడునప్పుడు ఆసరా పెట్టుటకు చేతికందిన దుంగ ఏ అడవిదని ఎవడును అడుగడు. నేను అడుగునది వేరు. ఆ రెండవవాని చేతిలో ఏమి పెట్టితివి? నీ చెమటనా, లేక నీ భార్య పుస్తెలనా? బ్యాంకు కార్డా? నీ తరువాత కొడుకునకు వచ్చునని యెంచుకొనిన ఉద్యోగమునా? వారిని అడిగితివా? అట్లే బిడ్డను విడిపించుటకు ఫలాని మనిషిని తోడు తీసికొని పోయిన తండ్రి, రేపు ఆ మనిషి వేరొకని బిడ్డ యింటిమీదికి పోవునప్పుడు తన్ను వెంటరమ్మని పిలిచిన నాడు ఏమి చెప్పునో నేడే తలంచుకొనవలెను. పిలువకుండ ఉండడు. ఆకీషు పిలిచెను గదా.

రాణులిద్దరి చివరి సంగతి క్లుప్తముగా చెప్పెదను. మైసూరు రాణి కోరిక 1799లో టిప్పు పడిన తరువాత నెరవేరెను. అయిదేండ్ల పిల్లవానిని గద్దె నెక్కించిరి. 1831లో ఆ పిల్లవాడు పెద్దవాడై యుండగా అదే కుంపిణీ అతని చేతిలోనుండి పరిపాలన తీసికొనెను. వేలు నాచ్చియారు 1796లో మరణించెను. 1801లో కుంపిణీ మరుదు సోదరులను తిరుప్పత్తూరులో ఉరితీసెను. ఓడిన రాణికి తలుపు తీసిన గోపాల నాయకుడును ఆ తిరుగుబాటులోనే పట్టుబడి ఉరికంబ మెక్కెను.

ఇంకొకతె యున్నది. చరిత్రకారుల లేఖలలో కాదు, శివగంగ జనుల నోట. ఉడైయాళ్ అను పేద పిల్ల. రాణి పారిపోయిన దారి ఏదని నవాబు మనుష్యులు అడుగగా, తెలిసియు చెప్పనని నిలిచి వారి కత్తికి బలియైనదందురు. ఆమె రాణిని ఏమియు అడుగలేదు. రాణి ఆమెకు ఏమియు ఇచ్చి యుండలేదు. తిరిగివచ్చిన పిమ్మట రాణి ఆ పిల్ల పడినచోట రాయి నిలిపించి, తన మెడలోని తాళిని తీసి అక్కడ మొదటి కానుకగా పెట్టెనని చెప్పుకొందురు. రాతి సంగతి అటుంచుడి. హైదరుతో లెక్క సేనతో సరిపోయినది, మరుదులతో లెక్క అధికారముతో సరిపోయినది. ఈ పిల్లతో లెక్కకు ఆమె తన మెడలోనిదే తీయవలసి వచ్చెను.