శైలికై యెంతవరకు?

స్వంతశైలి యలవడుటకై విద్యార్థి దేనినైనను పరీక్షింపవచ్చునా? న్యూయార్కు ఛాయాగ్రాహకుడగు పాల్ స్ట్రాండ్ కథ తలచినపుడెల్ల మాకీ సంశయము కలుగుచున్నది.

ఆతడు బడిలో చదువునపుడే లూయీ హైన్ వద్ద ఈ విద్య నభ్యసించెను. తొలుత నాటి వాడుక ననుసరించి మసకకటకముతో చిత్రములు తీసెను. ఆ మసకలో గడ్డియు నీరును ఒక్కతీరున కనబడుచున్నవని స్టీగ్లిట్జ్ చెప్పగా దానిని విడిచెను. 1916లో గిన్నెలను, వసారాలో పడిన నీడలను తీసి రూపములను శోధించెను. ఇంతవరకు నెవరికిని బాధలేదు. గిన్నె ననుమతి యడుగ నక్కఱలేదు గదా!

ఆ యేడే వీధిలోని మనుష్యులవైపు తిరిగెను. కెమెరాకు బూటకపు కటకము నొకదానిని తగిలించెను. జనులు దానిని చూచి, తీయుచున్నది తమ్ము గాదనుకొనుచుండగా, అసలు కటకముతో వారి ముఖములను గ్రహించెను. వారిలో ‘గ్రుడ్డిది’ అను పలక మెడకు వ్రేలాడుచున్న స్త్రీ యొకతె. చూపులేనిదానికి బూటకపు కటకమేల? ఆమె పటము 1917లో ‘కెమెరా వర్కు’ పత్రికలో వెలువడి స్ట్రాండునకు కీర్తి తెచ్చెను. ఆమె ధరించిన బిళ్లమీద చిల్లర వర్తకపు లైసెన్సు సంఖ్య 2622 స్పష్టముగా కనబడును. పేరు మాత్రము తెలియదు.

అడిగి తీసియుండినచో ఆ ముఖము ఆ తీరుననే యుండెడిదా? ఉండకపోవును. అందులకే మేము ఆ పటమును తరగతి గోడనుండి దింపలేకయు, దాని యెదుట నీతిపాఠము చెప్పలేకయు నున్నాము.