దానమా, బాకీనా?

టీబీ సోకిన మనిషి ఇంటికి పప్పు, నూనె, గుడ్లు పట్టుకెళ్తే అది దానమా, బాకీ తీర్చడమా? న్యాల్‌కల్ మండలంలో గానీ, మన ఏ తండాలో గానీ సాయం చేయాలనుకునే యువకులు ముందు ఈ ప్రశ్న తేల్చుకోవాలి. ఆ గడప ఎలా తొక్కుతామన్నది జవాబును బట్టే ఉంటుంది.

దానమైతే ఇచ్చేవాడు పెద్ద, తీసుకునేవాడు చిన్న. ఫొటోకు నిలబడమంటే నిలబడాలి. బాకీ అయితే తల వంచాల్సింది ఇచ్చేవాడే. నేను బాకీ అనే అంటాను. టీబీ గాలి ద్వారా వస్తుంది. ఇరుకు గదులు, చాలీచాలని తిండి దానికి దారి వేస్తాయి. చెరకు కోతకు వలసపోయి గుడిసెలో కిక్కిరిసి పడుకునే కుటుంబం ఆ బతుకును కోరి తెచ్చుకోలేదు. ఆ చెరకు చక్కెర మాత్రం అందరి ఇళ్లలోనూ ఉంది.

ఒకప్పుడు ఈ జబ్బుకు వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండ మీది శానిటోరియమే దిక్కు. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన ఆ ఆలోచనను మార్చింది. పేద రోగుల్లో కొందరిని శానిటోరియంలో, కొందరిని తమ ఇళ్లలోనే ఉంచి ఒకే మందులిచ్చారు. ఇంటి వైద్యం దాదాపు అంతే బాగా పనిచేసిందని 1959లో తేలింది. అలా వైద్యం కొండ దిగి ఇంటికొచ్చింది. దాంతోపాటే బాధ్యత ఇరుగుపొరుగు మీదికి వచ్చింది.

తిండి విలువ జార్ఖండ్‌లో రుజువైంది. రోగి ఇంట్లోని మిగతావాళ్లకూ బియ్యం, పప్పు ఇస్తే వారిలో కొత్తగా టీబీ రావడం సుమారు 39 శాతం తగ్గిందని 2023లో వెలువడిన పరిశోధన చెప్పింది.

ప్రభుత్వం 2018 నుంచి రోగి ఖాతాలో నెలకు 500 రూపాయలు వేసింది. 2024 నవంబరు నుంచి 1000 వేస్తోంది. 2022 సెప్టెంబరు 9న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము, సంతాల్ బిడ్డ, ప్రారంభించిన కార్యక్రమంలో ఎవరైనా ‘నిక్షయ్ మిత్ర’గా చేరి రోగికి పోషకాహారం ఇవ్వవచ్చు. మంచి పనే. మరి ఆ సంచితో పాటు రోగి ముఖం వాట్సాప్‌లో ఊరంతా తిరిగితే? పెళ్లికెదిగిన పిల్లకు సంబంధం తప్పిపోవచ్చు. అది చూసిన ఇంకొకరు తమ దగ్గును దాచుకుంటారు. దాచిన దగ్గు పదిమందికి అంటుతుంది.

ఫొటో చూస్తే మరో నలుగురు ముందుకొస్తారు కదా అంటారు కొందరు. రావచ్చు. కానీ ఆ నలుగురి కోసం ఒకరి పరువు ఖర్చు పెట్టే హక్కు మనకెవరిచ్చారు? జహీరాబాద్ ప్రాంతంలోనే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు తాము పండించిన జొన్నలు ఊళ్లోనే నిల్వచేసి పేదలకు తక్కువ ధరకు అందించాయి. అక్కడ ఇచ్చిన ఆడవాళ్లూ పేదలే.

కాబట్టి యువకులారా, రెండు వారాలు దాటి దగ్గే మనిషిని తెమడ పరీక్షకు వెంట తీసుకెళ్లండి. ఆరు నెలల మందులు ఆగకుండా చూడండి. ఇచ్చేది ఆశా కార్యకర్తతో మాట్లాడి, రోగి ఒప్పుకున్నాకే, చప్పుడు లేకుండా ఇవ్వండి. టీచర్లూ, ఆ ఇంటి బిడ్డను తరగతిలో వేరుగా కూర్చోబెట్టకండి. పొయ్యి పొగతో, బీడీతో దమ్ము పట్టిన ముసలివాళ్లకు ఈ పథకాలేవీ అందవు, వారినీ మరవకండి. బాకీ తీర్చేవాడు చాటింపు వేయడు.