వేషము – తగుట
యువజనులారా! మోకాళ్లకడ చినిగిన జీన్సు నేడు సొగసుగా చెలామణి యగుచున్నది. దాని పుట్టుక మాత్రము కాయకష్టమునందు. కార్మికుల జేబులు చినుగకుండ రాగి రివెట్లు బిగించు విధానమునకు జేకబ్ డేవిస్, లెవీ స్ట్రాస్ అనువారు 1873లో అమెరికాలో పేటెంటు పొందిరి. చినుగరాదని కుట్టినదానిని నేడు చింపి అమ్ముచున్నారు! పాతదనము తెచ్చుటకై గుడ్డపై ఇసుకను చిమ్మిన పనివారికి ఆ ధూళి ఊపిరితిత్తుల వ్యాధి తెచ్చినది. టర్కీ 2009లో ఆ పద్ధతిని నిషేధించినది.

ఈ వేషము అందరికి తగునా? (కాషాయమును అందరికి తగదు.) ఒంటికి తగునో లేదో దర్జీ చెప్పును. అప్పుచేసి కొనిపెట్టిన తండ్రికి తగునా, ఆ ధూళిని పీల్చినవానికి తగునా అనునది మీరే చెప్పవలెను. మాసికల చీరతో నాట్లువేయు తల్లియెదుట ఆ మోకాళ్లతో నిలువగలిగినచో ధరింపుడు, నాకభ్యంతరము లేదు.