గేటు దగ్గరున్న, రావా?

మా ఎల్లారెడ్డిలో ఒళ్లు చేసినవాళ్లను చూసి "మంచిగైనవ్" అంటారు. తగ్గినవాళ్లను "ఏమైంది, పాణం మంచిగ లేదా?" అని అడుగుతారు. ఇంకా తగ్గితే ఎదురుగా అడగడం మానేసి, పక్కకు పోయి షుగరేమో, టీబీయేమో అనుకుంటారు. అందులో చెడ్డతనమేమీ లేదు. కానీ నూరు కిలోలు దాటిన మనిషి ఓ ముప్పయ్యో నలభయ్యో తగ్గాలని మనసులో అనుకుంటే, ఆకలి కంటే ముందు ఈ పలకరింపులను దాటాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 30 మంది ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. మగవాళ్లలో ఇంకాస్త ఎక్కువే. దీనికి బద్ధకం అని పేరు పెట్టేయడం తేలిక. మా వదిన బీడీలు చుడుతుంది. గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపి, ఒడిలో చాట పెట్టుకుంటుంది. తడిపిన తునికాకును కత్తెరతో కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, కొస మడిచి, దారం వేస్తుంది. చేతులు మాత్రం క్షణం ఆగవు. నడుం కింది నుంచి మనిషి పొద్దంతా కదలదు. కార్ఖానకు ఇచ్చే లెక్క పూర్తికాకుండా లేస్తే కూలి పోతుంది. అలాంటి మనిషికి డాక్టర్ చీటీ మీద "బరువు తగ్గాలి" అని రాసిస్తాడు. ఆ సలహా మేమూ ఇచ్చాం, ఎన్నోసార్లు, ఎదురుగా కూర్చొని ఆమె చేసిన బగారన్నం తింటూ.

ఆమె ఎల్లారెడ్డిలోనే నడవడం మొదలుపెట్టింది. చీకట్లో రోడ్డెక్కితే చాలు, "యాడికి అక్కా, బస్సుకా?" అని ప్రతి గడపా అడిగేది. చెప్పుకోలేక మానేసింది. తర్వాత కొడుకు చదువు కోసం కామారెడ్డిలో కిరాయికి ఉండాల్సి వచ్చింది. అక్కడ డిగ్రీ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున్నే నడిచేవాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు పరిచయమయ్యారు. ఒకామె భర్త దుబాయిలో, ఇంకొకామె టైలరు. ముగ్గురూ కూరగాయల ధరలు మాట్లాడుకునేవారు, కోడళ్ల మీద చెప్పుకునేవారు. ఎన్ని కిలోలున్నావని వాళ్లు అడగలేదు. వదిన ఒకరోజు రాకపోతే ఫోన్ వచ్చేది: "గేటు దగ్గరున్న, రావా?" అంతకుమించిన ప్రోత్సాహం ఏదీ నాకు కనిపించలేదు. మేం చేసిన బోధలన్నీ కలిపినా ఆ ఒక్క ఫోన్‌కు సరితూగవు.

అయినవాళ్లం చేయలేనిది ఆ ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎలా చేశారు? నాకు తోచిన జవాబు ఇది. మా దగ్గర వదినకు పాత పేరుంది, "మా ఇంట్ల బొద్దు మనిషి" అని. మేం ప్రేమతోనే ఆ పేరు పెట్టాం, ప్రేమతోనే ఆమెను అందులో ఉంచేశాం. గ్రౌండ్‌లో ఆమెకు పేరు కొత్తగా మొదలైంది. పైగా అక్కడ సిగ్గు పడాల్సిన పని లేదు. కామారెడ్డి బెల్లానికి పేరున్న ఊరు కదా, అటుకుల డబ్బా వెనక అచ్చు దాచుకొని రాత్రిపూట కొరుక్కుంటానని ఆమె మొదట చెప్పింది మా అన్నకు కాదు, ఆ టైలరమ్మకు.

1961లో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో జీన్ నిడెచ్ అనే గృహిణికీ ఇలాంటిదే జరిగింది. అప్పటికి ఆమె దాదాపు 97 కిలోలు. పట్నం ఆరోగ్యశాఖ క్లినిక్‌లో డైట్ రాసిచ్చారు, బరువు కూడా తగ్గుతోంది. కానీ బాత్రూంలో బట్టల బుట్టలో బిస్కెట్లు దాచుకొని తింటున్న సంగతి అక్కడ చెప్పలేకపోయింది. చివరికి తనలాగే లావుగా ఉన్న స్నేహితురాళ్లను ఇంటికి పిలిచి వాళ్ల ముందు కక్కేసింది. వాళ్లూ ఎవరి దొంగతిండి వాళ్లు చెప్పుకున్నారు. 1963లో అది వెయిట్ వాచర్స్ అనే కంపెనీ అయింది. కంపెనీ అయ్యాక దాని లాభనష్టాలు వేరే కథ. మొదటి రోజు ఆ గదిలో మాత్రం అమ్మకం లేదు.

మన దగ్గరా గుంపులు కట్టిన కాలం ఒకటి వచ్చింది. బరువు తగ్గే డైట్ చెప్పే వీరమాచనేని రామకృష్ణ సభలకు హాళ్లు నిండిపోయేవి, కొబ్బరినూనె తాగేవాళ్లు ఊరూరా కనిపించేవారు. ఆ పద్ధతి మీద డాక్టర్ల అభ్యంతరాలు ఉన్నాయి, ఆ తగువులోకి నేను వెళ్లను. నా కన్ను పడింది చప్పట్ల మీద. తగ్గిన కిలోలకు చప్పట్లు కొడతారు. తగ్గింది తగ్గినట్టే నిలబెట్టుకున్న ఏడాదికి ఎవరూ కొట్టరు. అసలు కష్టమంతా అక్కడే ఉంది. అమెరికా టీవీ పోటీలో భారీగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత కెవిన్ హాల్ బృందం పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించింది. చాలామందికి పోయిన బరువులో పెద్ద వాటా తిరిగొచ్చింది. ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ల ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి, ఆ బరువుకు ఉండాల్సినదానికంటే రోజుకు సగటున 500 కేలరీలు తక్కువగా తేలింది. ఒళ్లు పాత లెక్కను అంత తొందరగా మర్చిపోదన్నమాట. ఇది తెలిశాక "పట్టుదల లేదు" అని ఎవరినైనా అనడానికి నాకు నోరు రావడం లేదు. 2025లో ఇక్కడి మార్కెట్లోకి వచ్చిన ఖరీదైన ఇంజెక్షన్లు ఆకలిని అణుస్తాయి, మానేస్తే చాలామందికి బరువు మళ్లీ ఎక్కుతుంది. అంటే ఎటు తిరిగినా ఇది ఏళ్ల తరబడి సాగేదే. అన్నేళ్లు గేటు దగ్గర నిలబడేవాళ్లు కావాలి.

నడకకు పరాయివాళ్లు చాలు. వంటింటికి మాత్రం ఇంటివాళ్లే దిక్కు. వదిన అత్తగారు పెరిగింది జొన్న గట్కతో. మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయి కాలువ కింద వరి పండినా, మెట్ట పొలాల వాళ్లకు వరన్నం పండగ తిండే. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 2025 ఉగాదికి రేషన్‌లో సన్నబియ్యమే ఉచితంగా మొదలైంది. కంచం నిండా తెల్లన్నం పెట్టడం ఆ తరానికి గెలుపు. కోడలు "వద్దత్తమ్మా" అంటే ఆమెకు తన గెలుపునే కాదన్నట్టు ఉంటుంది. అయినా ఇప్పుడు రాత్రిళ్లు పొయ్యి ముందు కూర్చొని జొన్నరొట్టెలు ఆమే కొడుతోంది, కోడలికి అంత పల్చగా రావు కాబట్టి. గొణుగుడు మాత్రం ఆపదు. "మేము గతిలేక తిన్నం గివి. సన్నబియ్యం ఉత్తగ ఇస్తుంటే, పైసలు వెట్టి జొన్నలు కొనుకొచ్చుడేందే?" అంటూనే తన పళ్లెంలోకీ ఒక రొట్టె వేసుకుంటుంది.