విశ్వాసనిష్ఠ



విశ్వాసమనునది నోటితోఁ జెప్పుటకు మిక్కిలి సులభమైన మాట. మందిరమునఁ గూర్చుండి, కన్నులు మూసికొని, పరమేశ్వరుఁడే నా సర్వస్వమని పలుకునపుడు మన కేమియు వ్యయము కాదు. ఆ మాట నిజమో కాదో తేలుట, దానివలన మన కేదేని నష్టము కలుగు దినమునందే. ఇల్లు పోవునని తెలిసియు, బంధువులు విడుతురని తెలిసియు, ఆఁకలి తప్పదని తెలిసియు మనుష్యుఁ డెచ్చట నిలుచునో యచ్చటనే వాని విశ్వాస మున్నది. తక్కినదంతయు నభ్యాసవశమునఁ బలికెడు పలుకు మాత్రమే.

ఈ సత్యమును విశదపఱుచుటకై క్రైస్తవుల చరిత్రమునుండి యొక వృత్తాంతమును మీ ముందుంచుచున్నాను. బ్రహ్మోపాసకులకుఁ గ్రైస్తవుల కథ యేల యని యెవరైన నడుగవచ్చును. రాజా రామమోహన రాయలవారు 1820వ సంవత్సరమున యేసు నీతిబోధలను వేఱుచేసి యొక గ్రంథముగాఁ బ్రకటించినపుడే యీ ప్రశ్నకు సమాధాన మిచ్చిరి. సత్య మే దేశమునఁ బుట్టినను, ఏ మతస్థుని జీవితమునఁ గనఁబడినను, అది పరమేశ్వరునిది; కావున మనది. క్రీస్తు దేవుని యవతారమని మనము నమ్మము. త్రిత్వసిద్ధాంతమును మన మంగీకరింపము. అయినను ఆయన పేరు చెప్పుకొని, అసత్యమాడుటకంటెఁ జెఱసాలయే మేలని యెంచిన దీనులయెదుట మనము తలవంచక తప్పదు.

ఫ్రాన్సు దేశమున రోమను కాథలిక్కు మతము రాజమతమై యుండెను. పదునాఱవ శతాబ్దమున కాల్విన్ బోధ ననుసరించి యచ్చట ప్రొటెస్టెంటులు బయలుదేఱిరి. వీరికి హ్యూగనోలని పేరు. బహుకాలము యుద్ధములు జరిగినపిమ్మట నాల్గవ హెన్రీ రాజు 1598లో నాంట్ పట్టణమునఁ బ్రకటించిన శాసనమువలన వీరికిఁ గొంతమట్టుకు స్వేచ్ఛ లభించెను. ఆ శాసనమును పదునాలుగవ లూయీ రాజు 1685 అక్టోబరులో రద్దుచేసెను. వారి ప్రార్థనాలయములు పడఁగొట్టఁబడెను. బోధకులు దేశమునుండి వెడలఁగొట్టఁబడిరి. బిడ్డలకుఁ గాథలిక్కు గురువులచేతనే బాప్తిస్మము చేయింపవలయునని యాజ్ఞ పుట్టెను. దేశము విడిచిపోవుటయు నేరమే యయ్యెను. అయినను సుమారు రెండులక్షలమంది రహస్యముగా సరిహద్దులు దాఁటి హాలెండు, ఇంగ్లండు, ప్రష్యా, స్విట్జర్లండు మొదలగు దేశములకుఁ బోయిరి.

పోలేక నిలిచినవారి గతి యేమి? రాజు దృష్టిలో నా మతస్థు లిఁక దేశమున లేనేలేరు. కాథలిక్కు గురువు చేయని వివాహము చట్టమునందు వివాహము కాదు. అట్టి దంపతుల బిడ్డలు ధర్మసంతానము కారు. కారు గనుక తండ్రి యాస్తికి వారి హక్కు నిలువదు. హింస యనఁగానే మనకుఁ గత్తియు నగ్నియుఁ దోఁచును. కాని దస్తావేజు, వారసత్వము, ఉద్యోగము, వీనిద్వారమున వచ్చు హింస కత్తికంటె నెక్కువమందిని లొంగఁదీయును. కత్తి యొక్కనాఁ డడుగును. దారిద్ర్యము ప్రతిదినమును అడుగును.

అయినను వారు కొండలలోను గుహలలోను రాత్రివేళల రహస్యముగాఁ గూడి ప్రార్థనలు చేసికొనుచుండిరి. అందుమీఁద 1724లో పదునేనవ లూయీ పేరిట మఱియొక శాసనము వెలువడెను. దానిచొప్పున బోధకులకు మరణశిక్ష. సభలకుఁ బోయిన పురుషులకు యావజ్జీవము రాజుగారి యోడలలో సంకెలలతోఁ దెడ్లు లాగు శిక్ష. స్త్రీలకు యావజ్జీవము కారాగారము.

వివారే యను కొండసీమలోని యొక పల్లెలో 1711లో మారీ డ్యూరాన్ అను బాలిక జన్మించెను. ఆమెకు ఎనిమిదేండ్లు నిండకమునుపో నిండినతోడనో, 1719లో, రహస్యసభ కారణముగ నామె తల్లిని రాజభటులు పట్టుకొనిపోయిరి. ఆ తల్లి మరల నింటికి రాలేదు. అన్న పియేర్ బోధకుఁడై కొండలలోఁ దిరుగుచుండెను. అతఁడు చేత చిక్కకపోఁగా, 1729లో నధికారులు ముసలితండ్రిని బంధించిరి. మఱుసటి సంవత్సరమున, అనఁగా 1730లో, మారీని, ఆమెను క్రొత్తగాఁ బెండ్లాడిన భర్తను గూడ బంధించిరి. తండ్రియు భర్తయు సముద్రమధ్యమందలి బ్రెస్కూ కోటలో నుంచఁబడిరి. తుదకు అన్నయుఁ జిక్కెను. 1732 ఏప్రిలు 22వ తేదీని మాంపెలియే పట్టణమున నతనిని ఉరితీసిరి. మారీ పంతొమ్మిదేండ్ల ప్రాయమున దక్షిణతీరమందలి ఏగ్‌మోర్ట్ పట్టణమునఁ గల కాన్‌స్టాన్స్ గోపురమునకుఁ బంపఁబడెను.

ఆ గోపురము పదుమూఁడవ శతాబ్దమునఁ దొమ్మిదవ లూయీ రాజు కట్టించినది. గోడల మందము సుమారు ఆఱు మీటరులు. ఒకదానిపై నొకటిగా రెండు గుండ్రని గదులు. నడుమ నేలలో నొక పెద్ద రంధ్రము. గాలియు వెలుతురును ఆ రంధ్రమునుండియు, గోడలలోని సన్నని సందులనుండియు రావలసినదే. చుట్టును ఉప్పునీటి చవిటినేలలు. వేసవిలో జ్వరములు, చలికాలమునఁ దేమతోఁ గూడిన చలిగాలి. అచ్చట నీ స్త్రీలు బ్రదుకవలెను. బయటివారు పంపు ధర్మముమీఁదనే వారి ప్రాణములు చాలవఱకు నిలిచెను.

మారీ వ్రాయనేర్చినది. తోడి చెఱవారందఱి పక్షమున నామె నీమ్, జెనీవా, ఆమ్‌స్టర్‌డామ్ పట్టణములందలి సంఘములకు లేఖలు వ్రాయుచుండెను. ఆ లేఖలు నేఁటికిని నిలిచియున్నవి. వానియందు దైవభక్తి యున్నది; దానితోఁబాటు యాచనయు నున్నది. వచ్చిన సాయము ముట్టినదని వ్రాయును. రాని సాయముకొఱకు వేఁడుకొనును. తమ్ము మఱవవలదని ప్రార్థించును. స్విట్జర్లండునఁ బెరుగుచున్న మేనకోడలికి, అన్నకూఁతురికి, తల్లివలె బుద్ధులు చెప్పును. ఆఁకలిని ఆఁకలి యని చెప్పుకొనుట విశ్వాసలోపము కాదు. ఏడ్చినంతమాత్రమున నిష్ఠ చెడదు. బాధను దాఁచి నవ్వుమని పరమేశ్వరుఁ డెవ్వరిని నడుగలేదు; అబద్ధమాడవలదని మాత్ర మడిగెను.

ఇఁక నీ వృత్తాంతమునందలి ముఖ్యాంశమును జిత్తగింపుఁడు. ఆ గోపురపు తలుపునకు రెండు తాళపుచెవులుండెను. ఒకటి కావలివానియొద్ద, రెండవది యా స్త్రీల నోటిలోనే. "నా మతమును విడిచితిని" అని యొక్కమాట పలికి వ్రాలు చేసినచో విడుదల దొరకును. వారి నెవ్వరును గొలిచి కట్టివేయ నక్కఱలేదు. ఆ మాట పలుకుటకు మనస్సు చెప్పు కారణములెన్ని! "దేవుఁడు హృదయము నెఱుంగును గదా, నోటిమాటతో నేమి? బయటికిఁ బోయి లోపల మన నమ్మకము మనమే యుంచుకొనవచ్చును. నీకొఱకుఁ గాకున్నను బిడ్డకొఱకుఁ జెప్పు." ఈ కారణములలో నొకటియైన వెఱ్ఱిది కాదు. కొందఱు స్త్రీలు ఆ మాట పలికి బయటికిఁ బోయిరి. వారిని నిందించు నధికారము, తిండికి లోటులేని మనకు లేదు.

నిలిచినవారికి గలిగిన నష్టమును గూడ మఱుఁగుపఱుపఁగూడదు. ఇజబో మెనే యను స్త్రీ భర్త యోడశిక్షకుఁ బంపఁబడి యందే మృతినొందెను. చెఱలో నామెతో నుండిన చిన్నబిడ్డను గొన్నియేండ్లకు వేఱుచేసిరి. తుదకు ఆమెకు మతి చలించెను. 1750లో నామెను తండ్రి కప్పగించిరి. విశ్వాసము గలవారికి దుఃఖము సోఁకదని బోధించువారు ఈ తల్లిని జ్ఞప్తికిఁ దెచ్చుకొందురు గాక. బాధ పుణ్యము కాదు, బాధపెట్టుట పాపమే. పుణ్యమన్నది బాధలో సత్యమును విడువకుండుటయే.

మీఁది గదిలో, నడిమి రంధ్రపు ఱాతియంచున, ఎవరో యొక మాటను జెక్కిరి. దానికి "ఎదిరించుఁడు" అని యర్థము. మారీయే చెక్కినదని పరంపరగాఁ జెప్పుదురు. ఆ ఎదిరింపు ఆయుధములతోడిది కాదు. అంతకు మునుపు, 1702 మొదలుకొని సెవెన్ కొండలలో హ్యూగనోలు కత్తి పట్టియుండిరి. ఇరుప్రక్కల రక్తము పాఱెను. ఈ స్త్రీలచేత సూదియైనను ఆయుధముగా లేదు. కూర్చున్నచోటఁ గూర్చుండి, అసత్యమును బలుకకుండుటయే వారి యుద్ధము. అట్లు మారీ డ్యూరాన్ ముప్పదియెనిమిది సంవత్సరములు పోరాడెను.

1767లో లాంగ్విడాక్ సీమ యధికారియగు బోవో ప్రభువు ఆ గోపురమునకు వచ్చి, యందలి పదునలుగురు స్త్రీలను జూచి కరఁగిపోయెను. ఆయనయుఁ గాథలిక్కే. పై యధికారుల యప్రీతికి వెఱవక వారి విడుదలకై పాటుపడెను. మారీ 1768 ఏప్రిలు 14వ తేదీని బయటికి వచ్చెను. అప్పటి కామె యేఁబదియేడవ యేట నుండెను. తల్లి లేదు, తండ్రి లేఁడు, అన్న లేఁడు. పుట్టినయిల్లు శిథిలమై యుండెను. ఆమ్‌స్టర్‌డామ్ సంఘమువారు పంపు కొద్దిపాటి భరణముతో నామె కాలము గడపెను. ఓడశిక్ష యనుభవించి విడుదలయైన యొక వృద్ధునితో నా కొంచెమును బంచుకొనెను. 1776లోఁ గాలధర్మము నొందెను. అటుపిమ్మటఁ బదునొకండేండ్లకు, 1787లో, పదునాఱవ లూయీ రాజు శాసనమువలన హ్యూగనోల వివాహములకును జననమరణములకును చట్టమునందు స్థానము లభించెను. ఆమె లేఖలు వ్రాయుచుండిన నీమ్ బోధకుఁడు పాల్ రబో కుమారుఁడు 1789లో జాతీయసభలో నిలిచి, తమవారికిఁ గావలసినది సహనము కాదు, స్వాతంత్ర్యమని వాదించెను. ఫలము పండెను, నాటినయామె దానిని జూడలేదు.

సోదరులారా, ఈ కథను ఇంతటితో ముగించినచో, హింసించినవారు కాథలిక్కులు, ధర్మాత్ములు ప్రొటెస్టెంటులు అని తోఁచును. చరిత్ర మంత సులభము కాదు. త్రిత్వసిద్ధాంతమును నిరాకరించినందులకు సెర్వీటస్ అను వైద్యుని, కాల్విన్ ప్రేరణచే నభియోగము నడచి, జెనీవా సభవారి తీర్పుచొప్పున 1553 అక్టోబరు 27వ తేదీని సజీవముగ దహించిరి. ఏ మతశాఖవారు ఫ్రాన్సునఁ జెఱఁబడి యేడ్చిరో, ఆ శాఖవారే జెనీవాలో నిప్పంటించిరి. కాల్విన్ శిష్యపరంపరవారే 1903లో నాచోటఁ బశ్చాత్తాపసూచకముగ నొక శిలను నిలిపిరి. ఆ శిలయుఁ గాన్‌స్టాన్స్ గోపురపు ఱాయియు ఒక్క పాఠమునే నేర్పుచున్నవి. అంతరాత్మ యే సిద్ధాంతమునకును సొత్తు కాదు. దానిని గౌరవించునదే మతము. దానిని నలిపివేయునది, ఏ దేవుని పేరు చెప్పినను, మతము కాదు.

మన దేశమున సంస్కారమార్గమునఁ బోవువారిని ఏ రాజును గోపురమునఁ బెట్టలేదు. కాని యొక్కమాట యడుగువారు మనకును గలరు. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగముపంతులుగారు ప్రథమ వితంతువివాహమును జరిపించినపుడు, అందుఁ బాల్గొన్నవారిపై బహిష్కారము పడెను. ప్రాయశ్చిత్తము చేసికొన్నచో మరలఁ బంక్తిలోఁ జేర్చుకొందుమనిరి. ప్రాయశ్చిత్తమన నేమి? చేసిన సత్కార్యమును దుష్కార్యమని నోటితో నొప్పుకొనుటయే. ఫ్రాన్సున వ్రాలు చేయుమన్న కాగితమును ఇదియే గదా! ఒప్పుకొన్నవారు కొందఱు, ఒప్పుకొనక నష్టపడినవారు కొందఱు. ఈ రెండవవారివలననే మన కీ మార్గము మిగిలినది.

మఱియొక విషయము. మనము కలవారము, చదివినవారము. హింసింపఁబడువారిలో మన మెక్కడ నుందుమో యని యాలోచించుట మనకుఁ బ్రియముగా నుండును. హింసించువారిలో నెక్కడ నున్నామో యనియు నాలోచింపవలదా? మన యింటిలో మనము రాజులము. మన సొమ్ముపై నాధారపడిన కుమారుఁడు, కోడలు, సేవకుఁడు, రైతు, వీరిలో నెవరైన మనకు వెఱచి తాము నమ్మని మాటను బలుకుచున్నచో, మన యింటిలోనే యొక గోపురము లేచినది. దాని తాళమును మనమే తీయవలెను. బోవో ప్రభువు తన మతమును మార్చుకొనలేదు. తలుపు మాత్రము తెఱచెను. సత్యముకొఱకు బీదయైనవాఁడు మన యూర నుండినచో, మన ధాన్యములో నొక పాలు వానికిఁ జేరవలెను. వాని సిద్ధాంతము మనకు సమ్మతమా కాదా యని యడిగి కొలువఁబోవలదు. ఆమ్‌స్టర్‌డామ్‌వారి రొట్టెలేనిచో ఏగ్‌మోర్ట్‌వారి నిష్ఠ యెన్నాళ్లు నిలుచును?

హే పరమేశ్వరా, సర్వాంతర్యామీ, మా నోటిమాటయు హృదయమును వేఱుగాక యుండునట్లు మమ్ము గాపాడుము. లాభముకొఱకు మేము పలుకఁబోవు నబద్ధము మా నాలుకపైనే యెండిపోవు గాక. నీకొఱకై దారిద్ర్యము వచ్చినపుడు దానిని సిగ్గులేక భరించు బలమును, ఇతరులకు వచ్చినపుడు దానిని బంచుకొను హృదయమును మా కనుగ్రహింపుము. మా చేతిలోని తాళపుచెవులను మాకుఁ జూపుము. ఏ దేశమున, ఏ మతమున, ఏ చీఁకటిగదిలో నీ సత్యముకొఱకు నిలిచినవా రుండిరో, వారందఱిని మా బంధువులుగా నెంచునట్లు చేయుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.