కట్టినవారు, కట్టించినవారు

తెలుగులో రెండు మాటలున్నాయి. ఒకటి కట్టాడు, రెండోది కట్టించాడు. పలకడానికి తేడా చిన్నదే. చెరువు గట్టు మీద, గుడి గోడ మీద, వంతెన పక్కన రాయి మీద చూడండి. అక్కడ ఉండేది కట్టించినవారి పేరు. కట్టినవారి పేరు ఉండదు. ఇది అన్యాయమా? అన్యాయమే అయితే, నూరేళ్ళు గడిచి ఆ పేర్లు ఎక్కడా దొరకనప్పుడు మనం చేయగలిగింది ఏమైనా ఉందా?

మొదటి ప్రశ్న కొత్తది కాదు. శ్రీశ్రీ 'దేశచరిత్రలు' చెప్పేటప్పుడు మా తెలుగు అయ్యవారు దాని గురించి ఒక పీరియడ్ అంతా మాట్లాడారు. రెండో ప్రశ్న మాత్రం నీలగిరి కొండ రైలు ఎక్కినాక నాకు వచ్చింది.

పోయిన సంవత్సరం మా బడి నుంచి ఊటీ పోయినాము. మేట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లు. 1891లో పని మొదలుపెడితే ఊటీ దాకా పట్టాలు చేరేసరికి 1908 అయింది. దారిలో 16 సొరంగాలు, 208 మలుపులు, 250 వంతెనలు. ఎత్తు ఎక్కువ ఉన్న చోట పట్టాల నడుమ పళ్ళున్న ఇనుప కమ్మీ ఉంటుంది. ఇంజను కింద ఉన్న పళ్ళ చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. దీన్ని అబ్ట్ పద్ధతి అంటారు. అబ్ట్ అనేది దాన్ని కనిపెట్టిన స్విట్జర్లాండ్ ఇంజనీరు పేరు. 2005లో ఈ రైలు మార్గాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది.

వాగుల మీద వంతెనలు దాటేటప్పుడు పెట్టెలోని వాళ్ళంతా కిటికీల దగ్గరికి తోసుకున్నారు. కింద లోయ, పైన పొగమంచు. కూనూరు దగ్గర పడేకొద్దీ తేయాకు తోటలు. నేనూ చూసి సంతోషపడ్డాను. కానీ ఒక సంగతి మనసులో నిలిచిపోయింది. వంతెనలు లెక్కపెట్టారు, సొరంగాలు లెక్కపెట్టారు, మలుపులు కూడా లెక్కపెట్టారు. ఆ కొండ రాతిని పగలగొట్టినవాళ్ళు ఎందరో నేను చదివిన చోట ఎక్కడా లేదు.

ఇటువంటిదే ఇంకో వంతెన శ్రీలంకలో ఉంది. ఎల్ల, దెమోదర స్టేషన్ల మధ్య తేయాకు కొండల్లో ఉన్న తొమ్మిది కమానుల వంతెన. పొడవు సుమారు 300 అడుగులు, ఎత్తు సుమారు 80 అడుగులు. 1921లో పూర్తయింది. అక్కడి జనం పి.కె. అప్పుహామి అనే స్థానికుడు దాన్ని కట్టాడని కథగా చెప్పుకుంటారు. కాగితాల్లో మార్‌వుడ్ అనే రైల్వే ఇంజనీరు పేరుంది. ఎవరి పేరు ముందు చెప్పాలని వాదించుకోవచ్చు. ఆ వాదంలో కూడా సిమెంటు మోసినవాళ్ళ పేర్లు రావు.

ఆ వంతెన ఫోటో ఇంట్లో చూపించాను. అందరూ ఎంత బాగుందో అన్నారు. మా నాయన ఒక్కడే, "అంత ఎత్తులో సెంట్రింగ్ ఎట్ల నిలబెట్టినారప్పా!" అన్నాడు. మా నాయన బేల్దారి మేస్త్రి. కమాను గట్టిపడేదాకా కింద కొయ్యలతో ఆపు కట్టాల. తర్వాత ఆ కొయ్యలన్నీ తీసేస్తారు. కమాను నిలుస్తుంది, దాన్ని మోసిన కొయ్య కనబడదు. మనుషుల సంగతీ అంతే అని నాకు అనిపించింది.

మా నాయన పని చేసిన ఒక పెద్ద అపార్టుమెంటు ఉంది. జనం కాపురం వచ్చినాక, గోడ పగిలిందని బాగుచేయడానికి పిలిపించారు. గేటు దగ్గర ఆపి, ఎవరింటికి పోవాలని అడిగి, పుస్తకంలో పేరు రాయించుకున్నారు. ఆయన ఆ సంగతి నవ్వుతూనే చెప్పాడు. రెండేళ్ళు చేతులు కాయలు కాచేలా కట్టిన ఆ కట్టడంలో మా నాయన పేరు ఉండేది ఆ ఒక్క పుస్తకంలోనే.

దీని మీద మా క్లాసులో వాదం జరిగింది. ఒక స్నేహితుడు, "వాళ్ళకు కూలి ఇచ్చినారు కదా, లెక్క సరిపోయింది" అన్నాడు. ఆలోచించాను. కూలి తీసుకుంటే పేరు అక్కరలేదంటే, ఇంజనీరు కూడా జీతం తీసుకున్నవాడే. ఆయన పేరు మాత్రం ఎందుకు ఉంది? ఆయన లెక్క తప్పితే వంతెన కూలిపోతుంది, నిజమే. ఆయన పేరు తీసేయమని నేను అనడం లేదు. కానీ మేస్త్రి చెయ్యి తప్పినా అదే వంతెన కూలిపోతుంది.

ఇంకొకరు, "వేలమంది పేర్లు రాయాలంటే అంత పెద్ద రాయి ఎక్కడ తెస్తావు?" అన్నారు. రాయి పెద్దది దొరక్కపోవచ్చు. నోట్‌బుక్కు దొరకదా? మనుషుల్ని లెక్క రాయడం ప్రభుత్వాలకు బాగా వచ్చు. 1964లో భారత్, శ్రీలంక ప్రధానులు చేసుకున్న ఒప్పందంలో తేయాకు తోటల మనుషులను పంచుకున్నారు. 5,25,000 మంది ఇటు, 3,00,000 మంది అటు. అలా వచ్చినవాళ్ళకు పని చూపడానికే తమిళనాడు ప్రభుత్వం నీలగిరిలో 1968 నుంచి తేయాకు తోటలు వేసింది. లెక్క అంత బాగా రాయగలిగినవాళ్ళకు పేర్లు రాయడం కష్టమని నేను ఒప్పుకోలేను.

మూడో మాట అన్నిటికంటే గట్టిది. "చనిపోయినవాళ్ళకు పేరుతో పనేముంది?" వాళ్ళకు పని లేదు. మనకే ఉంది. పేరున్నవాళ్ళే లోకాన్ని కట్టారని నమ్మితే, మన ముందు పని చేసే మనిషి కూడా మన కంటికి ఆనడు. నీలగిరి రైలులో కూనూరు దాకా ఇంజను ముందు ఉండదు, వెనుక నుంచి తోస్తుంది. పెట్టెల మీద బ్రేకులు పట్టుకుని మనుషులు నిలబడి ఉంటారు. మా ప్రాణాలు వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. మేము లోయకు ఫోటోలు తీసుకున్నాము.

కాబట్టి నా రెండో ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. పాతవాళ్ళ అప్పు వాళ్ళకు తీర్చలేము. ఇప్పుడు పని చేస్తున్నవాళ్ళకు తీర్చవచ్చు. దానికి డబ్బు అక్కరలేదు. పేరు అడగాల, గుర్తు పెట్టుకోవాల, వీలైన చోట రాయాల.

మా బడిలో ఇప్పుడు రెండు కొత్త గదులు లేస్తున్నాయి. పని చేసేవాళ్ళు తొమ్మిది మంది. నలుగురు మన పక్క ఊర్లవాళ్ళు, ఐదుగురు ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు. గదులు తెరిచే రోజు గోడకు రాయి పెడతారు. దాతల పేర్లు తప్పకుండా ఉండాలి. దాని కింద "కట్టినవారు" అని రాసి తొమ్మిది పేర్లు చెక్కించమని పెద్దలను, అయ్యవార్లను ఈ పత్రిక ద్వారా అడుగుతున్నాను. రాయి చాలకపోదు. పేర్లు నేను అడిగి రాసి పెట్టాను.